తట్టకుండా పిలిస్తే

ఆలూరు,
జూలై 4

అక్కకు,

ఉత్తరం చూసి గాబరా పడకు. కర్నూలులో అమ్మానాన్నలు బాగున్నారు, ఇక్కడ నేనూ బాగున్నాను. నీకు ఫోన్ చేస్తే అది ఎప్పుడూ మీ బట్టల దుకాణంలో, గద్దె మీద, స్పీకర్ పెట్టి ఉంటుంది. పోయినసారి నువ్వు నా పెళ్ళి మాట ఎత్తావు. నేను నోరు తెరిచేలోపే చీర బేరం చేస్తున్న ఒకామె తన మేనల్లుడి ఎత్తూ ఉద్యోగమూ చెప్పేసింది. అందుకే కాగితం. దీన్ని ఎవరూ స్పీకర్‌లో పెట్టలేరు.

ఇక్కడికి వచ్చి నెల దాటింది. వాన లేదు. గాలి మాత్రం పొద్దున లేచిందంటే ఊరంతా తిరిగి ఆరేసిన బట్టల్ని పక్క వీధికి చేరుస్తుంది. నా చున్నీ ఒకటి రైతు భరోసా కేంద్రం దగ్గర దొరికింది.

నా ఉద్యోగం పేరు పలకడానికి ఈ ఊరికి తీరిక లేదు. మూడేళ్ళ లోపు పిల్లల్లో మెడ నిలపనివాళ్ళు, కూర్చోలేనివాళ్ళు, చూపో వినికిడో తక్కువైనవాళ్ళు ఉంటే వాళ్ళ ఇంటికే పోయి, ఆ ఇంట్లో ఉన్న సామానుతో, ఆ ఇంటివాళ్ళ చేతులతోనే పిల్లలకు ఆటగా నేర్పించడం నా పని. నాగలక్ష్మమ్మ అని ఒక పెద్దరైతు ఇంటావిడ మొదటి రోజే నన్ను గడపలో నిలబెట్టి విచారణ చేసింది.

"సూది వేస్తావా?"

"వేయనమ్మా."

"మందు రాసిస్తావా?"

"రాయను."

"మరేం చేస్తావు?"

"పాపను ఆడిస్తాను."

"ఆడించేదానికి హైదరాబాదు దాకా పోయి సదవల్లనా? మా మేకపిల్ల కూడా ఆడిస్తాది."

ఆ పాప ఆమె మనవరాలు, పేరు లక్ష్మీప్రియ. ఏడాదిన్నర. ఎత్తుకుంటే ఒళ్ళు కట్టెలా బిగుసుకుంటుంది, కూర్చోలేదు. ఇంట్లో విత్తనానికి దాచిన వేరుశనగ మూటలు ఉంటే రెండింటి మధ్య సందు చేసి కూర్చోబెట్టాను. పడిపోకుండా ఉండేసరికి చేతులు ఖాళీ అయ్యాయి. ముందు పెట్టిన చింతపిక్కల గిన్నెను ఒక్క తోపుతో బోర్లించింది. నాగలక్ష్మమ్మ పిక్కలు ఏరుకుంటూ, "వాన పడితే ఈ మూటలు చేనికి పోతాయి, అప్పుడేం చేస్తావు?" అంది.

హర్ష ఎలా ఉన్నాడు? నేను వాణ్ణి చూసినప్పుడు పొత్తిళ్ళలో ఉన్నాడు, ఇప్పుడు రెండో ఏడు నిండబోతోంది. మొన్న బావ పంపిన ఫోటోలో మీరందరూ ఫోటో తీసేవాడి వైపు చూస్తున్నారు. వాడొక్కడే మీ అత్త నోటి వైపు చూస్తున్నాడు. ఏమేం మాటలు వచ్చాయి వాడికి? పిన్ని అనడం నేర్పు.

నాగి


మైదుకూరు,
జూలై 15

నాగీ,

నీ ఉత్తరం అందిన రోజు మా ఇంట్లో పండగే. ఈ కాలంలో ఉత్తరం రాసే పిల్ల అంటే పద్ధతి తెలిసిన పిల్ల అని మా అత్త తీర్మానించింది. దుకాణం మధ్యాహ్నం మూసినాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొత్తం చదివించుకుంది. స్పీకర్ మాట దగ్గర నేను తడబడితే, "చదువు, చదువు, ఆ మేనల్లుని సంగతి నాకు తెలుసు, వాడు పొట్టోడు" అంది. కాబట్టి ఇకమీదట చూసుకుని రాయి.

ఇక్కడ ఆషాఢం బేరాలు. మీ బావ గద్దె దిగడం లేదు. హర్ష కూడా అంతే, వాళ్ళ నాన్న పక్కన ఆ తెల్లపరుపు మీద రోజంతా కూర్చుంటాడు. శానా చురుకు. వెనక ఎక్కడో బట్టల బేలు దించితే టక్కున తిరిగి చూస్తాడు. చీరల అంచుల రంగులు చూసి జతలు పెడతాడు. మా మామగారు పోయి ఏడాది కానందున ఒంటిమిట్ట మొక్కు ఆగిపోయింది కదా, పుట్టువెంట్రుకలు అట్లే ఉన్నాయి. రెండు జడలు వేస్తే ఆడపిల్లే అనుకుంటున్నారు. వచ్చే శ్రీరామనవమికి తలనీలాలిచ్చి చెవులు కుట్టిస్తామని అత్త అంటోంది.

వాడితో ఒక్కటే ఇబ్బంది, కరెంటు పోతే ఇల్లెగిరిపోయేట్టు ఏడుస్తాడు. ఎత్తుకుంటే గానీ ఊరుకోడు. చీకటంటే భయం, అంతే.

నువ్వు వేళకు తిను. ఆ గాలికి తలకు గుడ్డ కట్టుకో.

స్వర్ణ


ఆలూరు,
ఆగస్టు 10

అక్కకు, రాజ్యలక్ష్మమ్మ అత్తగారికి నమస్కారాలతో,

వాన పడింది. ఊరు ఊరంతా చేలల్లో ఉంది. నాగలక్ష్మమ్మ అన్నట్టే మూటలు పోయాయి. నేను దిగులుగా పోతే, ఆమె కొడుకు నరసింహ ట్రాక్టరు టైరు లోపలి పాత ట్యూబుకు గాలి కొట్టి, దానిమీద దుప్పటి చుట్టి నడిమింట్లో పెట్టి ఉన్నాడు. లక్ష్మీప్రియ అందులో మహారాణిలా కూర్చుని ఉంది. "మీ హైదరాబాదులో ఇట్లాంటిది ఉండాదా మేడమ్?" అని అడిగాడు. లేదన్నాను, నిజంగానే లేదు. అత్తగారూ, మీరు చెప్పించినట్టే తలకు గుడ్డ కట్టుకుంటున్నాను. ఇంతటితో ముగిస్తాను.

(అక్కా, ఈ రెండో కాగితం నీకొక్కదానికే. పైకి చదవకు.

అన్నిటికీ జవాబు రాశావు, నేనడిగిన దానికి తప్ప. హర్షకు ఏ మాటలు వచ్చాయి? ఒక్కటైనా వచ్చిందా?

ఇంకొకటి. కరెంటు పోయినప్పుడు నువ్వు పక్కగదిలోంచి, "ఇక్కడే ఉన్నాను నాన్నా" అంటే ఊరుకుంటాడా, లేక నువ్వు వచ్చి తాకినాకే ఊరుకుంటాడా? పిల్లలందరూ చీకటికి ఏడుస్తారు. కానీ అమ్మ గొంతు వినబడితే సగం ఏడుపు తగ్గుతుంది. వాడి వెనక నిలబడి పేరు పెట్టి పిలిచి చూడు. వాడికి నువ్వు కనబడకూడదు. నేను ఊరికే అడుగుతున్నాననుకో.)


మైదుకూరు,
ఆగస్టు 19

నాగశ్రీకి,

పిలిచి చూశాం. గద్దె మీద ఆడుకుంటుంటే అత్త వెనకనుంచి పిలిచింది, తిరిగాడు. మీ బావ పిలిచాడు, తిరిగాడు. నేను పిలిచాను, తిరిగాడు. ఇంకెవరు పిలవాలో చెప్పు, వాళ్ళనూ పిలుస్తాం.

మా మామగారికి నాలుగో ఏట గానీ మాటలు రాలేదట. ఆయన ఈ వీధిలో అందరికంటే పెద్దబేరం చేశాడు. మొక్కు తీరితే మాటలు వాటంతటవే వస్తాయని ఇంట్లో అందరం నమ్ముతున్నాం. మగపిల్లలకు ఆలస్యమవుతుందని నీకు ఆ కోర్సులో చెప్పలేదేమో.

నువ్వు రోజూ లోపాలున్న పిల్లల్ని చూస్తున్నావు. చూసి చూసి ఎక్కడ పిల్లవాడు కనబడినా లోపం వెతుకుతున్నావు. నా కొడుకు నీ కేసు కాదు.

స్వర్ణలత


ఆలూరు,
సెప్టెంబరు 14

అక్కకు,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. తర్వాత హాయిగా అనిపించింది. ముగ్గురు పిలిస్తే మూడుసార్లూ తిరిగాడంటే ఇంకేం కావాలి, నా బుర్రే పాడైంది అనుకున్నాను. పదిమందికి చెప్పాను కూడా, మా అక్క నన్ను చీవాట్లు పెట్టింది, చాలా బాగుంది అని.

నిన్న నాగలక్ష్మమ్మ ఇంట్లో ఒకటి జరిగింది. వాళ్ళ వసారాలో పొడుగాటి చెక్కబల్ల ఉంది. దాని ఒక కొసన కూర్చుని పాపకు చూపించాల్సిన ఆటలు రాసుకుంటున్నాను. నా వెనక, ఆ కొసన, నరసింహ యూరియా బస్తా దించాడు. నేను ఉలిక్కిపడి తిరిగాను. పక్కింట్లో మైకు మోగుతోంది, బస్తా చప్పుడు నాకు వినబడనే లేదు. కింద బల్ల అదిరింది, అందుకు తిరిగాను.

అక్కా, పరుపు కింద మీ గద్దె చెక్కది. వాడు రోజంతా దాని మీదే ఉంటాడు. బేలు పడితే తిరుగుతాడని నువ్వే రాశావు.

దుకాణంలో వద్దు. వాణ్ణి వంటింట్లో బండల మీద కూర్చోబెట్టు. వాడు దేంట్లోనో మునిగి ఉన్నప్పుడు, ఎవరూ తాకకుండా, కాలు చప్పుడు చేయకుండా, నీడ పడకుండా వెనకనుంచి పిలువు. ఏమైందో నాకు రాయకపోయినా ఫరవాలేదు.

ఇది మాత్రం చెప్పాలి, చెప్పకపోతే చెల్లెల్నీ కాదు, ఈ పనికీ పనికిరాను. ఇప్పుడు వాడి మెదడు మాటల కోసం తలుపు తీసుకుని కూర్చుంది. ఈ వయసులో వినబడేట్టు చేస్తే మాటలు పోయి అందులో కూర్చుంటాయి. శ్రీరామనవమి దాకా, ఆ తర్వాత ఇంకో మంచిరోజు దాకా అంటే ఆ తలుపు కొంచెం కొంచెం మూసుకుంటూ వస్తుంది. నాలుగో ఏట దాకా ఆగితే తర్వాత ఎంత కష్టపడ్డా సగమే దక్కుతుంది. మీ మామగారికి చెవులు బాగానే ఉండి ఉంటాయి. ఆయనకు మాటే ఆలస్యం. హర్షకు ఏది ఆలస్యమో తెలుసుకోకుండా కాచుకోకు.

ఇది రెండో కాగితం కాదు, ఒకటే కాగితం. పైకి చదువుతావో లేదో నీ ఇష్టం.

నాగి


ఆలూరు,
అక్టోబరు 8

అక్కకు,

నెల కావస్తోంది, జవాబు లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే బావ, "అందరం బాగుండాం, దసరా బేరాలు" అన్నాడు. వెనక నీ గొంతు వినబడింది. ఎవరికో లంగావోణీ రంగు వెలవదని చెప్తున్నావు. ఆ గొంతు విని ఫోన్ పెట్టేసి చాలాసేపు బస్టాండులో కూర్చున్నాను.

బెంగళూరు నుంచి ఒక సంస్థవాళ్ళు పిలిచారు. ఏసీ గది, రంగుల బొమ్మలు, పిల్లల్నే మన దగ్గరకు తెస్తారట. పోదామనే ఉంది. నీకు సాయపడలేని పని ఇంకెవరికి చేసి ఏం లాభమని ఒక పూట అనిపిస్తుంది. ఇంకో పూట లక్ష్మీప్రియ నా జడ పట్టుకుని లాగుతుంది, అన్నీ మర్చిపోతాను.

దీంతో ఒక తెల్లకాగితం పెట్టాను. అందులో నేనేమీ రాయలేదు. నీకు రాయాలనిపిస్తే అందులో రాయి. తిడుతూ రాసినా సరే.

నాగి


మైదుకూరు,
అక్టోబరు 26

నాగీ,

నువ్వు పంపిన కాగితం మీదే రాస్తున్నాను. చాలకపోతే బిల్లుపుస్తకం చించుకుంటాను.

ముందు నేను దాచింది చెప్తాను. ఆగస్టులో మేం పిలిచినప్పుడు హర్ష తిరిగాడని రాశాను. అది అబద్ధం కాదు. కానీ అత్త పిలిచినప్పుడు వాడు గద్దె మీద నా ఒడిని ఆనుకునే ఆడుకుంటున్నాడు. నేను పైట కిందనుంచి వాడి వీపు మీద వేలితో తట్టాను. ఆ రోజొక్కటే కాదు. ఎవరు పిలిచినా తడతాను. వాడు తిరుగుతాడు, పిలిచినవాళ్ళు మురిసిపోతారు. ఎప్పటినుంచి అట్లా చేస్తున్నానో నాకే తెలియదు. ముక్కు తుడవడం ఎట్లాగో అదీ అట్లాగే అయిపోయింది. నీ మొదటి ఉత్తరంలో ఫోటో మాట చదివినప్పుడే నువ్వు కనిపెట్టావనుకున్నాను. అందుకే నీ మీద అంత కోపం.

నువ్వు చెప్పిన పని చేయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. పోయిన ఆదివారం మధ్యాహ్నం వాణ్ణి వంటింటి బండల మీద కూర్చోబెట్టి గిన్నెలు ఇచ్చాను. ఒకదాంట్లో ఒకటి పెడుతున్నాడు. నేను తలుపు పక్కన నిలబడి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని పిలిచాను. గిన్నెలు పెడుతూనే ఉన్నాడు. ఇంకా గట్టిగా పిలిచాను. మూడోసారి ఎంత గట్టిగా పిలిచానంటే పాలామె వీధిలోంచి, "ఏమ్మా, పిలిస్తివా?" అంది. వాడు మాత్రం చిన్నగిన్నె ఎక్కడ పోయిందా అని వెతుక్కుంటున్నాడు.

తిరిగి చూస్తే అత్త గుమ్మంలో ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

"ఇంగొకసారి పిలువు మే," అంది.

పిలిచాను. వాడు తిరగలేదు.

"గోకకుండా ఇయ్యాలే కదా నువ్వు పిలిచేది," అంది.

"మీకు తెలుసా అత్తా?" అన్నాను.

"నువ్వు వాని వీపు గోకేది నాకు కనపడదనుకుంటివా? నీకు తెలిస్తే తట్టుకోలేవని, నేను పిలిచినప్పుడల్లా గద్దె మీద మడమతో కొడతాంటి. వాడు తిరిగేవాడు, నీ మొగం విచ్చుకునేది. పోనీలే, నవమి దాకా ఇట్లే గడిపేద్దామనుకుంటి."

అప్పుడే మీ బావ అన్నానికి వచ్చాడు. మేమిద్దరం కళ్ళు తుడుచుకుంటుంటే ఎవరో పోయారనుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. అత్త ఆయన్నే చూస్తూ, "ఏరా ప్రదీపా, నువ్వేం చేస్తావు?" అంది.

"ఏంది చేసేది?"

"అబ్బోన్ని పిలిచేటప్పుడు."

ఆయన బండల వైపు చూపు దించాడు. తర్వాత, "మీటరు కడ్డీతో గద్దె అంచు మీద కొడతా," అన్నాడు. "మీ ఇద్దరికీ తెలీదనుకున్న్యా."

నాగీ, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముగ్గురం ఒకే గద్దె మీద, ఒకరికి తెలియకుండా ఒకరం, పిల్లవాడికి వినబడుతోందని ఒకరినొకరం నమ్మిస్తూ ఇన్నాళ్ళు బతికాం. ముందు అత్తకు నవ్వొచ్చింది. "బేరాలు చేసే ఇల్లు కదా, మనల్ని మనమే మోసం చేసుకుంటిమి," అని బండల మీద కూలబడి నవ్వింది. హర్ష మా మొహాలు ఒక్కొక్కటే చూసి, ఏమర్థమైందో, గిన్నె నెత్తిన పెట్టుకుని వాడూ నవ్వాడు.

ఆ రాత్రి నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఇట్లా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. భయం పోలేదు, కానీ అది ఇప్పుడు నా ఒక్కదానిది కాదు.

రెండో కాగితం సంగతి కూడా అత్తకు మొదటినుంచీ తెలుసట. "కవరు లావు చూస్తే తెలీదా? ఎన్ని తానులు మడతపెట్టినాయి ఈ చేతులు," అంది. మొక్కు గురించి నేనేమీ అడగకముందే, "మొక్కు మొక్కే, పరీచ్చ పరీచ్చే. రాముడేం అడ్డం పడడు. యాడికి పోవల్లో మీ చెల్లెల్ని అడుగు," అంది.

అడుగుతున్నాను. ఎక్కడికి పోవాలి?

స్వర్ణ


ఆలూరు,
నవంబరు 3

అక్కా,

నీ ఉత్తరం ఊరి మధ్యలో నిలబడి చదివాను. నరసింహ బండి ఆపి, "ఏమైంది మేడమ్, ఊరినుంచి చెడ్డ మాటా?" అని అడిగాడు. మంచి మాటే అన్నాను. మంచి మాటకు ఇట్లా ఏడ్చేవాళ్ళను ఆయన చూడలేదట.

కడపకు పోండి. ఎవరిని కలవాలో కింద రాశాను. వాడు నిద్రపోతుంటే తలకు చిన్న తీగలు అంటించి, చెవిలో చప్పుళ్ళు పంపి, లోపల అవి ఎంతవరకు పోతున్నాయో చూస్తారు. నొప్పి ఉండదు. నిద్ర మాత్రం తప్పనిసరి. కాబట్టి ముందురోజు ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపు. బస్సులో కునుకు తీయనివ్వొద్దు. అక్కడికి పోయాక నిద్ర ముంచుకురావాలి. జడలు విప్పి తల రుద్ది తీసుకుపో, నూనె ఉంటే తీగలు అంటవు.

నువ్వు వేలితో తట్టిన సంగతి గురించి నన్ను ఏమీ అనమనకు. వాడు నిన్ను నమ్మి ప్రతిసారీ తిరిగాడు. రేపు మాట నేర్పడానికి కావలసింది ఆ నమ్మకమే. మిగతాది చెవికి పెట్టే మిషన్ చూసుకుంటుంది.

నాగి


మైదుకూరు,
డిసెంబరు 2

నాగీ,

పోయి వచ్చాం.

నువ్వు చెప్పావు కదా నిద్రపోనివ్వొద్దని, ఆ బాధ్యత అత్త తీసుకుంది. మైదుకూరు దాటినప్పటినుంచి కడప దాకా వాడికి కిటికీలోంచి లారీలు చూపించింది, బొరుగులు ఒక్కొక్కటే తినిపించింది, వాడి కన్ను మూతపడితే అరికాలు గీరింది. ముందుసీటాయన, "ఏందమ్మా, బిడ్డను పండుకోనీకుండా ఇంత పీడిస్తాండావు?" అని అత్తతో పోట్లాటకు దిగాడు. తీరా ఆసుపత్రిలో అడుగుపెట్టేసరికి వాడికి నిద్ర ఎగిరిపోయింది. ఆ గదిలో కుర్చీలన్నీ తిప్పాడు. చివరికి నిద్రపోయింది అత్తే. ఆమె గోడకు ఆనుకుని కునికితే, వాడు వచ్చి ఆమె భుజం మీద తల పెట్టి పడుకున్నాడు. అట్లాగే, కదిలించకుండా, ఆమె ఒళ్ళోనే తీగలు అంటించారు.

రెండు చెవుల్లోనూ తక్కువే. మామూలు మాట వాడికి అందదు, బాగా పెద్ద చప్పుడైతేనే ఏదో కొంచెం. కానీ పూర్తిగా లేకుండా పోలేదు. మిషన్లు పెట్టి, రోజూ మాట్లాడుతూ నేర్పిస్తే మాటలు వస్తాయని ఆ డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ఆలస్యం చేయకుండా తెచ్చారు, మంచిపని చేశారు అంది. ఆ మాటకు మీ బావ బయటికి పోయి నీళ్ళు తాగి వచ్చాడు.

అత్త ఒకటే అడిగింది. "బుద్ధికేమైనా తక్కువా అమ్మా?"

"బుద్ధా?" అందామె. "మీ మొగాలు చూసి, బల్ల అదురు చూసి, ఇన్నాళ్ళు ఇల్లంతా నెట్టుకొచ్చినాడు. మీకూ నాకూ ఉండాదా అంత బుద్ధి?"

బయటికి వచ్చాం. ఉన్నట్టుండి ముగ్గురికీ విపరీతమైన ఆకలి. ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని భోంచేశాం. అత్త బయటి అన్నం ముట్టదని నీకు తెలుసు. ఆ రోజు రెండోసారి సాంబారు అడిగి పోయించుకుంది.

మిషన్లు సరిగ్గా అమరడానికి చెవి అచ్చులు తీసుకున్నారు. అవి సంక్రాంతి అయినాక వస్తాయట.

స్వర్ణ


ఆలూరు,
జనవరి 20

అక్కా,

మిషన్లు వస్తున్నాయంటే కొన్ని చెప్పాలి. మొదటి రోజే వాడు తిరిగి నవ్వుతాడని ఎదురుచూడకు. ఫోన్లో చూపించే వీడియోలు నమ్మకు. మనకు అలవాటైన చప్పుళ్ళన్నీ వాడికి ఒక్కసారి మీద పడతాయి. ఏడుస్తాడు, పీకి పారేస్తాడు. మళ్ళీ పెట్టు. మొదట కొంచెంసేపు, తర్వాత ఇంకొంచెం.

ఏ పని చేస్తుంటే ఆ పని చెప్తూ చెయ్యి. నీళ్ళు పోస్తుంటే నీళ్ళు అను. చీర మడుస్తుంటే మడుస్తున్నా అను. వాడి పక్కన, మామూలు గొంతుతో. అరవొద్దు. గద్దె మీద మడమలూ కడ్డీలూ ఇక బంద్, అత్తగారికీ బావకూ నా మాటగా చెప్పు. వాడు చెవితో వెతకడం నేర్చుకోవాలి.

బెంగళూరువాళ్ళకు రానని చెప్పేశాను. త్యాగమేమీ కాదు. లక్ష్మీప్రియ ఇప్పుడు ట్యూబులోంచి బయటికి వంగి మేకపిల్ల చెవి అందుకుంటోంది. రెండు చేతులు నేలమీద ఆనించి ఒంటరిగా కూర్చునే రోజు దగ్గర్లోనే ఉంది. ఆ రోజు నేను లేకపోతే నాగలక్ష్మమ్మ దాన్ని మేకపిల్ల ఖాతాలో వేస్తుంది. అది నేను భరించలేను.

నాగి


మైదుకూరు,
ఫిబ్రవరి 24

నాగీ,

నువ్వు చెప్పినట్టే జరిగింది. మొదటి రోజు మిషన్లు పెట్టగానే వాడు బిత్తరపోయి నా మెడ పట్టుకున్నాడు. కుక్కరు కూత పెడితే దొంగలు పడ్డట్టు అరిచాడు. ఒక మిషన్ తీసి పప్పులో వేశాడు. అత్త దాన్ని కడగబోతే మీ బావ గద్దె మీదినుంచి దూకి వచ్చి ఆపాడు. వెంట్రుకలు మిషన్‌కు రాసుకుని గరగరమంటాయని అత్తే వాడి జడలు విప్పి నడినెత్తిన కొప్పు వేసింది. దుకాణానికి వచ్చినవాళ్ళు చెవి వైపు చూస్తే, వాళ్ళు అడగకముందే, "కంటికి అద్దాలు పెట్టుకోరా, ఇదీ అట్లాంటిదే. ఏం చీర చూపించల్ల?" అంటోంది. ఇప్పుడు ఎవరూ ఏమీ అడగడం లేదు.

రెండో వారానికి పీకడం తగ్గింది. తర్వాత పొద్దున్నే వాడే డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టడం మొదలుపెట్టాడు. మాటలు ఇంకా లేవు. "మ్మ" అని ఒకటి వస్తోంది, అది నన్నో, మామిడిపండునో, ఇంకా తేలలేదు.

నిన్నటి సంగతి కోసం ఈ ఉత్తరం. మధ్యాహ్నం అన్నం కలిపి పెట్టుకుని, "హర్షా, బువ్వకు రా" అని పిలిచాను. వాడు నడిమింట్లో బండల మీద, నాకు వీపు పెట్టి, రంగురంగుల దారం కండెలు దొర్లిస్తున్నాడు. తిరిగి చూశాడు. నన్ను చూశాడు, నా చేతిలో గిన్నెను చూశాడు. మళ్ళీ కండెల వైపు తిరిగాడు.

మళ్ళీ పిలిచాను. ఈసారి తిరగలేదు. దొర్లించే చెయ్యి మాత్రం ఆగింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దొర్లించాడు.

అత్త వచ్చి నిలబడి చూసింది. "వినపడింది దొంగకు," అంది. మీ బావనూ పిలిచింది. ముగ్గురం గుమ్మంలో నిలబడి ఒకరి తర్వాత ఒకరం పిలిచాం. ఎవరు పిలిచినా ఆ చెయ్యి ఆగుతుంది, వాడు మాత్రం రాడు. అన్నం చల్లారిపోతోంది, నాకు ఒళ్ళు మండింది. నాగీ, పుట్టినప్పటినుంచి వాడి మీద నాకు కోపమే రాలేదు, ఎప్పుడూ జాలే. నిన్న మాత్రం వీధిలో తల్లులందరికీ వచ్చే కోపమే నాకూ వచ్చింది. గట్టిగా అరిచాను.

"ఎన్నిసార్లు పిలవాలిరా, వినబడడం లేదా నీకు?"

అన్నాక ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్త కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. మీ బావ ఆ చల్లారిన గిన్నె నా చేతిలోంచి తీసుకుని, అన్నం వెచ్చబెట్టి తెస్తానని పోయి చాలాసేపు రాలేదు.

ఇక ఆపుతాను. నడిమింట్లో ఏదో కింద పడింది. పిలుస్తున్నాను, పలకడం లేదు.

స్వర్ణ